ఐక్యరాజ్యసమితి నుంచి బొమ్మనహళ్లికి ఎన్ని టేబుళ్లు?

ఆడామగా సమానత్వం గురించిన అంతర్జాతీయ హామీల మీద నేను నడిపిన మొదటి వర్క్‌షాప్ తుస్సుమంది. బెంగళూరు బొమ్మనహళ్లిలో ఒక ఆదివారం, పైన రేకులేసిన హాలు, ఇరవై ఆరుగురు గార్మెంట్ కార్మికులు. ఎక్కువమంది మావైపు వాళ్లే: హిందూపురం, మదనపల్లె, కుప్పం, ఇద్దరు ముగ్గురు కోలారు తెలుగువాళ్లు. వారానికి దొరికే ఒక్క సెలవు పూట బట్టలుతకడం కూడా మానుకుని వచ్చారు. నేను ల్యాప్‌టాప్ తెరిచి, "సీడా అని ఒక అంతర్జాతీయ ఒడంబడిక ఉంది" అని మొదలుపెట్టాను. వెనక వరసలోంచి ఒకావిడ అడిగింది: "సీడా? మా ఊర్లో సబ్సిడీకి శెనక్కాయ విత్తనాలిస్తారే, అదా మేడమ్?"

హాలంతా నవ్వు. నేనూ నవ్వాను గానీ, తెచ్చుకున్న నలభై స్లైడ్లలో అప్పటికి మూడే అయ్యాయి.

భోజనాల దగ్గర ఆవిడే పులిహోర ప్లేటుతో వచ్చి పక్కన కూర్చుంది. "ఎగతాళికి అనలేదు మేడమ్. లైన్లోంచి లేచి బాత్రూమ్‌కి పోతే మా సూపర్‌వైజర్ వాచీ చూసుకుంటాడు. మీ కాగితంలో దానికేమన్నా రాసుందా?"

రాసుంది. ఆ ఒడంబడిక 11వ అధికరణం, పనిచేసే చోట ఆరోగ్యమూ భద్రతా హక్కని చెబుతుంది. అంతకు 31 ఏళ్ల ముందే మన ఫ్యాక్టరీల చట్టం (1948) మరుగుదొడ్లు పనివేళల్లో ఎప్పుడంటే అప్పుడు వెళ్లగలిగేలా ఉండాలని రాసిపెట్టింది. పైన ఐక్యరాజ్యసమితి ఒప్పుకుంది, కింద చట్టం ఒప్పుకుంది. మధ్యలో ఆ వాచీ ఒక్కటే ఒప్పుకోలేదు.

ఆఫీసుల్లో ఫైలు కదిలే తీరు తెలిసినవాళ్లకి ఇందులో వింతేమీ ఉండదు. అంతర్జాతీయ హామీ కూడా ఒక ఫైలే. ఒక్కో టేబుల్ దాటుకుంటూ రావాలి, ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. అది ఏ టేబుల్ మీద ఆగిందో కనిపెట్టడానికే వర్క్‌షాప్ అని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ ఆదివారం నాకు ఆ సంగతి తెలియదు. హామీని చదివి వినిపిస్తే చాలనుకున్నాను.

ముందు కాగితాల సంగతి. "అంతర్జాతీయ హామీలు" అని అన్నిటినీ ఒకే గంప కింద కప్పేస్తాం గానీ, వాటిలో కనీసం మూడు రకాలున్నాయి. ఒకటి ఒడంబడిక. స్త్రీలపై అన్ని రకాల వివక్షనూ తొలగించే ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1979 డిసెంబరు 18న ఆమోదించింది. సీడా అంటే ఇదే. ప్రామిసరీ నోటు లాంటిది. రాసిచ్చిన దేశం కట్టుబడి ఉండాలి. రెండోది పదిమందిలో ఇచ్చిన మాట. 1995 సెప్టెంబరులో బీజింగ్ మహిళా సదస్సులో 189 దేశాలు పేదరికం, చదువు, ఆరోగ్యం, హింస వంటి 12 రంగాల్లో ఫలానా పనులు చేస్తామన్నాయి. నోటు లేదు, పరువు మాత్రం ఉంది. మూడోది 2015 నాటి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు. మొత్తం 17, అయిదోది ఆడామగా సమానత్వం. గార్మెంట్ వాళ్లకి ఇది చెప్పడం చాలా తేలిక. ఫ్లోర్ మీద గంటగంటకీ ఎన్ని పీసులు కావాలో, ఎన్ని అయ్యాయో రాసే బోర్డుంటుంది కదా, అలాంటి బోర్డే దేశాలకి పెట్టారు, షిఫ్టు 2030లో ముగుస్తుంది అంటే చాలు. "మరి టార్గెట్ తప్పితే దేశాన్ని ఎవరు తిడతారు?" అని ఒకమ్మాయి అడిగింది.

తిట్టేవాళ్లు లేరు. ప్రామిసరీ నోటుకైనా వసూలు చేసే కోర్టు లేదు. సీడాకి 23 మంది నిపుణుల కమిటీ ఉంది. ప్రభుత్వాలు నాలుగేళ్లకోసారి నివేదిక ఇవ్వాలి, కమిటీ ప్రశ్నలు వేస్తుంది, చివర్లో చేయాల్సిన పనులు రాసిస్తుంది. బాధితులు వ్యక్తిగతంగా ఆ కమిటీకి ఫిర్యాదు చేసుకునేలా 1999లో ఒక అదనపు ఒప్పందం వచ్చింది గానీ, భారతదేశం అందులో చేరలేదు. కాబట్టి బొమ్మనహళ్లి ఆవిడ నేరుగా అక్కడికి పోయేదేమీ లేదు. దారి ఇక్కడి కోర్టులూ, ఇక్కడి ఆఫీసులూ, ఇక్కడి యూనియన్లే.

సంతకానికీ, ధ్రువీకరణకీ తేడా కూడా చాలామందికి తెలియదు. సంతకం తాంబూలాలు పుచ్చుకోవడం, ధ్రువీకరణ తాళి కట్టడం. భారతదేశం 1980 జూలైలో తాంబూలాలు పుచ్చుకుని, 1993 జూలైలో తాళి కట్టింది. మధ్యలో పదమూడేళ్లు. కట్టేటప్పుడు కూడా కొన్ని షరతులు పెట్టింది. మతాల వ్యక్తిగత వ్యవహారాల్లో ఆయా సమాజాలు తమంతట తాము ముందుకొస్తే తప్ప జోక్యం చేసుకోమంది. పెళ్లిళ్ల నమోదు తప్పనిసరి చేయాలన్న మాటను సూత్రంగా ఒప్పుకుంటూనే, ఇన్ని ఆచారాలు, ఇన్ని మతాలు, ఇంత తేడాగల అక్షరాస్యత ఉన్న పెద్ద దేశంలో అది ఆచరణలో కుదరదంది.

ఈ చివరి షరతు దగ్గర కాసేపు ఆగాలి. ఢిల్లీ "కుదరదు" అని రాసేనాటికే కర్ణాటకలో పెళ్లిళ్ల నమోదుకి చట్టం ఉంది. 1976లో చేశారు. అంటే సీడా పుట్టకముందే. ఆంధ్రప్రదేశ్ 2002లో నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, అన్ని రాష్ట్రాలూ నమోదు తప్పనిసరి చేయాల్సిందే అంది. ప్రపంచం ముందు కుదరదన్న పని ఇంట్లో అప్పటికే కొంతమంది చేస్తున్నారన్నమాట. అంతర్జాతీయ హామీ పైనుంచి కిందికి దిగుతుందనే మన ఊహ ఇక్కడే తప్పిపోతుంది. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చిన చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచే అమల్లో ఉంది. తమిళనాడు 1989లో, కర్ణాటక 1994లో అదే బాట పట్టాయి. దేశమంతటికీ అది వచ్చేసరికి 2005 అయింది.

అసలు ఆ పైనున్న కాగితాల్లో కూడా మన చేతిరాత ఉంది. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన ముసాయిదాలో పుట్టుకతో "పురుషులందరూ" సమానులే అన్న అర్థం వచ్చే మాటను "మానవులందరూ" అని మార్పించింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. 1984లో డాన్ అనే దక్షిణాది దేశాల స్త్రీల వేదికకు పునాది పడిన సమావేశం జరిగింది ఇదే బెంగళూరులో. మైసూరులో పుట్టిన ఆర్థికవేత్త దేవకీ జైన్ పూనికతో జరిగింది. మరుసటేడు నైరోబీ మహిళా సదస్సులో ఆ వేదిక వినిపించిన వాదన, అభివృద్ధి గురించి పేద దేశాల ఆడవాళ్ల వైపు నుంచి చూడమని. ఈ సంగతి చెప్తే హాల్లో ఒక్కసారి నడుములు నిటారవుతాయి. "మన బెంగుళూర్లోనా?" అంటారు.

సరే, ధ్రువీకరించాక ఏమవుతుంది? కొన్ని దేశాల్లో ఒడంబడిక దానంతటదే చట్టమైపోతుంది. మనదగ్గర అలా కాదు. రాజ్యాంగం 51వ అధికరణం అంతర్జాతీయ ఒప్పందాలను గౌరవించమంటుంది. 253వ అధికరణం వాటిని అమలు చేసే చట్టం చేయడానికి పార్లమెంటుకు అధికారమిస్తుంది. ఇస్తుందే గానీ, చేసి తీరాలని చెప్పదు. పార్లమెంటు చేయకపోతే? అక్కడే విశాఖ కేసు వస్తుంది. ఆ పేరు వినగానే మనవాళ్లు మన విశాఖపట్నం అనుకుంటారు. కాదు, పిటిషన్ వేసిన సంస్థల్లో ఒకదాని పేరు అది.

రాజస్థాన్‌లో ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్‌గా, అంటే ఊళ్లో కార్యకర్తగా, పనిచేసే ఒకామె 1992లో ఒక పసిబిడ్డ పెళ్లిని ఆపబోయింది. అది ఆమె ఉద్యోగ ధర్మం. దానికి కక్షగట్టి ఆమెపై సామూహిక అత్యాచారం చేశారు. అత్యాచారం అభియోగం నుంచి నిందితులను కింది కోర్టు విడిచిపెట్టింది. మహిళా సంస్థలు అప్పటికే సుప్రీంకోర్టుకి వెళ్లి అడిగిన ప్రశ్న వేరు: పనిచేసే చోట ఆడమనిషికి లైంగిక వేధింపుల నుంచి రక్షణ ఇచ్చే చట్టం ఈ దేశంలో ఏది? లేదు. 1997 ఆగస్టు 13న కోర్టు చెప్పిన సమాధానం న్యాయశాస్త్రంలో ఒక మలుపు. సమానత్వం, వృత్తి స్వేచ్ఛ, జీవించే హక్కు రాజ్యాంగంలో ఉన్నాయి. వాటికి అర్థం చెప్పుకునేటప్పుడు, దేశీయ చట్టం ఖాళీగా ఉన్నచోట, ధ్రువీకరించిన ఒడంబడికను చదువుకోవచ్చు అంది. సీడా 11వ అధికరణాన్ని ఎత్తి చూపింది. బీజింగ్‌లో ప్రభుత్వం ఇచ్చిన మాటను కూడా గుర్తుచేసింది. పదిమందిలో ఇచ్చిన మాటకీ విలువ ఉందన్నమాట. అడిగేవాళ్లుంటే.

కోర్టు మార్గదర్శకాలు చట్టంగా మారడానికి ఇంకో పదహారేళ్లు పట్టింది. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు మహిళే, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి నుంచి ఒకరు. అంత చిన్న చోట్లకీ, ఇళ్లల్లో పనిచేసేవాళ్లకీ జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ. ఇదే చట్టం 19వ సెక్షన్లో మన కథకి సంబంధించిన ఒక విశేషముంది: యాజమాన్యం తరచుగా వర్క్‌షాపులు పెట్టాలని రాశారు. వర్క్‌షాప్ పెట్టడమే చట్టపరమైన విధి అయింది.

విధి అయ్యాక ఏమవుతుందో మనకి తెలుసు. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకి ఇరవై నిమిషాల వీడియో, చివర పది ప్రశ్నలు, తప్పు నొక్కితే మళ్లీ నొక్కొచ్చు. ఫ్యాక్టరీల్లోనైతే బ్యానర్, దీపం, గంటన్నర ప్రసంగం, సమోసా, గ్రూప్ ఫొటో. హాజరు పట్టీలో సంతకాలు ఫైల్లోకి పోతాయి. 2023 మేలో సుప్రీంకోర్టు, చట్టం వచ్చి ఇన్నేళ్లయినా అమలులో తీవ్రమైన లోపాలున్నాయని బాధపడి, కమిటీలు ఉన్నాయో లేదో చూడమని ప్రభుత్వాలను ఆదేశించింది. నేను చేసే చిన్న పరీక్ష ఒకటుంది. కూర్చోగానే చీటీలిచ్చి, "మీ కంపెనీ కమిటీలో ఒక్కరి పేరు రాయండి" అంటాను. సగానికి పైగా ఖాళీగా వెనక్కి వస్తాయి. ఒక చీటీలో "వాచ్‌మన్ అన్న" అని వచ్చింది. ఆ అమ్మాయి ఏదైనా జరిగితే అతనికే చెప్పుకుంటుందట. నవ్వుకునే విషయం కాదది. చెప్పుకోవడానికి తనకో మనిషి ఉన్నాడు, కమిటీ మాత్రం లేదు. కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డులో ఉన్నాయి, ఇంగ్లీషులో.

ఇప్పుడు పద్ధతుల సంగతి. రెండోసారి నుంచి నేను స్లైడ్లు మానేశాను. చార్టు పేపర్లు, స్కెచ్ పెన్నులు, అంతే. ఈ పద్ధతుల్లో చాలావరకు పల్లెల్లో పుట్టినవి. చదువురాని వాళ్లు కూడా నేల మీద ముగ్గుపిండితో, గింజలతో తమ ఊరి లెక్క తామే వేసుకునే భాగస్వామ్య పద్ధతులను 1980ల చివర్లో మనదేశంలో వ్యాప్తి చేసినవాళ్లలో బెంగళూరు కేంద్రంగా పనిచేసే మైరాడా అనే స్వచ్ఛంద సంస్థ ముందువరసలో ఉంది. నిపుణుడు అడుగుతాడు, ఊరివాళ్లు చెప్తారు అన్న వరసను తిరగేసి, కర్రను ఊరివాళ్ల చేతికివ్వడం దాని ప్రాణం. పల్లె నుంచి పట్నం హాల్లోకి వచ్చేసరికి ముగ్గుపిండి పోయి స్కెచ్ పెన్ వచ్చింది. ప్రాణం కూడా పోయిన చోట్లు చాలా చూశాను.

నాకు బాగా ఉపయోగపడేది గడియారం. పెద్ద సున్నా గీసి, 24 గంటలూ గుర్తుపెట్టి, నిన్నటి రోజును రంగులతో నింపమంటాను. ఎర్రరంగు జీతం వచ్చే పని, పచ్చరంగు జీతం రాని పని, తెలుపు నిద్ర. పొద్దున నాలుగున్నరకి మొదలు: నీళ్లు పట్టడం, వంట, క్యారేజీలు, పిల్లాణ్ని పక్కింట్లో దించడం. తొమ్మిది నుంచి అయిదున్నర దాకా ఎరుపు. మళ్లీ పదిన్నర దాకా పచ్చ. తర్వాత భర్తదీ, తమ్ముడిదీ గీయమంటాను. ఆ చార్టు సగం గీసేసరికి హాల్లో చప్పుడు మారిపోతుంది. ఎవరూ ఎవరికీ సమానత్వం గురించి చెప్పలేదు. రెండు సున్నాలు పక్కపక్కన ఉన్నాయి, అంతే.

ఆ తర్వాతే పెద్ద లెక్క చూపిస్తాను. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనికి అది చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్లు 88. సుస్థిరాభివృద్ధి అయిదో లక్ష్యంలో నాలుగో అంశం ఈ జీతంలేని పనిని గుర్తించి, లెక్కించి, ప్రభుత్వ సేవలతో భారం తగ్గించమంటుంది. లెక్కించడం అంత తేలిగ్గా రాలేదు. దేవకీ జైన్ వంటివాళ్లు 1970ల నుంచే ఆడవాళ్ల సమయాన్ని లెక్కకట్టాలని పట్టుబట్టారు. 1998-99లో తమిళనాడు సహా ఆరు రాష్ట్రాల్లో నమూనా సర్వే జరిగింది, దేశమంతటా మొదటి సర్వే 2019లో. గోడమీది చార్టూ ఢిల్లీ సర్వే పట్టికా ఒకటే పని చేస్తున్నాయని అప్పుడు అర్థమవుతుంది. ఇది వేరేవాళ్ల లెక్క కాదు, అందులో తమ రోజు కూడా ఉంది.

గడియారం ఇంకో సంగతి బయటపెట్టింది. 2023 జూన్ 11 నుంచి కర్ణాటకలో శక్తి పథకం కింద ఆడవాళ్లకి మామూలు ప్రభుత్వ బస్సుల్లో టికెట్‌కి డబ్బు కట్టక్కర్లేదు. అది వాళ్ల చార్టుల్లో కనబడాలి కదా? కొంతమందికే కనబడింది. పథకం కర్ణాటక వాసులకు. చిరునామా కార్డు అడుగుతారు. "నా ఆధార్‌లో ఇంకా మదనపల్లె ఉంది" అంది ఒకామె. మార్చుకుందామంటే ఇంటి ఓనరు అద్దె అగ్రిమెంట్ రాసివ్వడట. ఎనిమిదేళ్లుగా ఇక్కడే కుడుతోంది, ఇక్కడి పన్నులన్నీ సబ్బుబిళ్ల నుంచి కడుతోంది, బస్సెక్కితే మాత్రం పరదేశి. బీజింగ్ పత్రంలో ఎంత వెతికినా ఈ ఓనరు కనబడడు. కానీ ఆమె ఫైలు ఆగింది అతని టేబుల్ మీదే.

అందుకే గడియారం తర్వాత మేము "టేబుళ్ల ఆట" ఆడతాం. పేరు నేను పెట్టిందే, గొప్పదేం కాదు. ఒక సమస్య తీసుకుని కింద నుంచి పైకి నడుస్తాం. క్రెష్ ఉదాహరణ చూడండి, అంటే పనివేళల్లో పిల్లల్ని చూసుకునే గది. పిల్లాణ్ని క్రెష్‌లో ఎందుకు వదలరు? కంపెనీ వ్యాన్‌లో నిలబడటానికే చోటుండదు, చంటిబిడ్డతో ఎలా ఎక్కేది. ఆయా ఒక్కతే. అందుకే చాలామంది బిడ్డని ఊళ్లో అమ్మమ్మ దగ్గర వదిలేశారు. నెలకోసారి చూసుకుంటారు. ఇది మొదటి టేబుల్: వ్యాన్ ఏర్పాటు చూసే హెచ్ఆర్. పైది ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్. పైది రాష్ట్ర ప్రభుత్వ నియమాలు. పైది చట్టం. 1948 చట్టం ముప్పైమందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో క్రెష్ ఉండాలంది. పాత కార్మిక చట్టాల బదులు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో లెక్క యాభైకి మారింది, దాంతోపాటు "ఆడవాళ్లు" పోయి "కార్మికులు" అయింది. సంఖ్య పెరిగిందని కొందరు గొణిగారు గానీ, ఆ రెండో మార్పు మంచిదని నా అభిప్రాయం. ఆడవాళ్లని మాత్రమే లెక్కపెట్టినన్నాళ్లూ, ఆడవాళ్లని తక్కువ పెట్టుకుంటే క్రెష్ ఖర్చు తప్పుతుందనే ఆలోచనకి చట్టమే చోటిచ్చింది. బిడ్డ తండ్రికీ బిడ్డే కదా. ఇక ఆ పైన, అన్నిటికంటే పైన, సీడా 11వ అధికరణంలో పిల్లల సంరక్షణ సదుపాయాలు పెంచాలన్న వాక్యం. అప్పుడు చదువుతాను ఆ వాక్యాన్ని. మొదటి వర్క్‌షాప్‌లో మూడో స్లైడుగా చచ్చిపోయిన అదే వాక్యం, మెట్లన్నీ ఎక్కి వచ్చాక చదివితే వేరేగా వినబడుతుంది.

ఒప్పందాలన్నీ ఒకే పాట పాడతాయనుకోవడం కూడా పొరపాటు. 1948 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం ఒకటి ఆడవాళ్లకి రాత్రి ఫ్యాక్టరీ పని వద్దంది. మన చట్టం కూడా అదే పట్టుకుంది. సమానత్వం అన్నాక ఆ నిషేధం ఆడవాళ్ల ఉద్యోగాలకే అడ్డమైంది. 2000 డిసెంబరులో మద్రాసు హైకోర్టు దాన్ని కొట్టేసి, రక్షణ ఏర్పాట్లతో రాత్రి షిఫ్టుకి దారి తెరిచింది. ఇప్పుడు కొత్త కోడ్‌లో ఒక మాట ఉంది: ఆమె సమ్మతితో. దీనికి నాటకం కంటే మంచి పద్ధతి లేదు. ఒకమ్మాయి సూపర్‌వైజర్ అవుతుంది, ఒకమ్మాయి కార్మికురాలు. "స్వల్ప అడ్జస్ట్ మాడి" అంటూ కన్నడంలో మొదలుపెట్టి, "షిప్‌మెంట్ ఉందమ్మా, అందరూ పెట్టారు, నువ్వొక్కదానివే" అని తెలుగులోకి దిగి, పెన్ను చేతికిస్తుంది. రెండు నిమిషాలు పట్టదు, సంతకం అయిపోతుంది. సమ్మతి అంటే ఏమిటో గంట ఉపన్యాసం చెప్పలేనిది ఆ రెండు నిమిషాలు చెప్తుంది.

భాష గురించి ఒక చిన్నమాట. "లింగ సమానత్వం" అని బ్యానర్ మీద రాస్తే లింగం అంటే గుడిలో లింగమే గుర్తొచ్చేవాళ్లుంటారు. కర్ణాటకలో మరీను. "జవాబుదారీతనం" అంటే తలలు వంగిపోతాయి. నేను ఆడామగా తేడా అంటాను, ఎవర్ని అడగాలి అంటాను. పని జరుగుతుంది.

డబ్బు టేబుల్‌ని చాలా వర్క్‌షాపులు దాటేస్తాయి. అది తప్పు. 2005-06 నుంచి కేంద్ర బడ్జెట్‌తో పాటు జెండర్ బడ్జెట్ పత్రం వస్తోంది. పూర్తిగా ఆడవాళ్లకే పెట్టే పథకాలు మొదటి భాగంలో, కనీసం 30 శాతం వాళ్లకి వెళ్లేవి రెండో భాగంలో. గ్రామీణ గృహనిర్మాణ పథకం సొమ్మంతా మొదటి భాగంలో చూపిన సంవత్సరాలున్నాయి. ఇంటి పట్టా ఆమె పేరున ఉండొచ్చు, ఇంట్లో మాత్రం కుటుంబమంతా ఉంటుంది కదా, మరి అది నూరు శాతం ఎలా అయింది? ఈ ప్రశ్న నాది కాదు, పొదుపు సంఘం లెక్కలు రాసే ఒకావిడది. పత్రం చూపించిన అయిదు నిమిషాల్లో అడిగింది.

ఇక నివేదికలు. ప్రభుత్వం సీడా కమిటీకి ఇచ్చే నివేదికతో పాటు, మహిళా సంఘాలు తమవైపు నుంచి వేరే నివేదిక పంపవచ్చు. కమిటీ సభ్యులు దాన్నీ చదివి ప్రశ్నలు వేస్తారు. భారతదేశం వంతు 2000లో, 2007లో, 2014లో వచ్చింది. బొమ్మనహళ్లి చార్టు నేరుగా అక్కడికి చేరదు. తేదీ, చోటు, సెక్షన్, ఆగిన టేబుల్ రాసుకున్న సంఘం దగ్గర మాత్రం పంపడానికి ఏదో ఒకటి ఉంటుంది. గ్రూప్ ఫొటో పంపలేం కదా.

ఒక విషయం ఒప్పుకోవాలి. 2016 ఏప్రిల్‌లో, యజమాని వాటా పీఎఫ్ 58 ఏళ్లు వచ్చేదాకా తీసుకోకూడదని ఢిల్లీలో ఒక నియమం మారితే, ఇదే బొమ్మనహళ్లిలో, హోసూరు రోడ్డు మీద వేలాది గార్మెంట్ ఆడవాళ్లు ఏ వర్క్‌షాపూ లేకుండానే రోడ్డెక్కారు. ఒకట్రెండు రోజుల్లో కేంద్రం వెనక్కి తగ్గింది. ఫైలు ఏ టేబుల్ మీద ఉందో వాళ్లకి ఎవరూ నేర్పలేదు. పీఎఫ్ వాళ్ల కూతురి పెళ్లి, ఇంటి కప్పు, ఆసుపత్రి ఖర్చు. అది ప్రతి ఒక్కరికీ అంకెతో సహా తెలుసు. సమానత్వం హామీలు అలా అంకెతో సహా తెలియవు. మాలాంటివాళ్ల పని ఏమన్నా ఉంటే అక్కడే.

వర్క్‌షాప్ చివర మేము నింపే కాగితానికి ఆరు గళ్లు: ఏం కావాలి, ఏ టేబుల్, ఏ కాగితం చూపాలి, ఎంత ఖర్చు, ఏ తేదీలోపు, ఎవరు వెళ్లి అడుగుతారు. మొదట్లో ఆఖరి గడిలో అందరూ "యూనియన్" అనో "మేడమ్" అనో రాసేవాళ్లు. ఇప్పుడు ఆ రెండు మాటలూ రాయనివ్వను. మనిషి పేరే రాయాలి, ఫోన్ ఉన్న మనిషి. మూడు నెలలకి మళ్లీ కూర్చుంటాం. ఈ రెండో కూర్చోడానికి డబ్బిచ్చే దాతలు దొరకరు. మొదటిదానికి బ్యానర్ ఉంటుంది కాబట్టి దొరుకుతారు.

పోయినసారి కూర్చున్నప్పుడు ఏడు వరసల్లో రెండు పూర్తయ్యాయి. కమిటీ పేర్లు కన్నడంలో, తెలుగులో, హిందీలో అంటించారు. క్రెష్‌కి రెండో ఆయా వచ్చింది. వ్యాన్ అలాగే ఉంది. ఆధార్ చిరునామాల్లో మూడు మారాయి, ఓనర్లలో ఒకరు మెత్తబడ్డారు. వాచీ సంగతి అడిగితే విత్తనాలావిడ చెయ్యి అడ్డంగా ఊపింది. ఆ సూపర్‌వైజర్ వేరే లైనుకి మారాడట. కొత్తాయనకి వాచీ లేదు గానీ, బాత్రూమ్‌కి వెళ్లడానికి టోకెన్ పెట్టాడు. ముప్పైమందికి రెండు టోకెన్లు. ఆ వరసని కొట్టేయకుండా, పక్కన "టోకెన్" అని రాసి తేదీ మార్చాం. తర్వాతి సమావేశం రెండో ఆదివారం పెట్టుకుందామన్నాను. ఆరోజు వాళ్ల వీధికి నీళ్లొచ్చే రోజు. పదకొండు గంటలకి మార్చుకున్నాం.